పరిగె ఏరే చోట గుర్రమెక్కిన మనిషి కూడా ఉండాలి: మాసబ్‌ట్యాంక్ వైపు ఒక నకళ్ల స్టూడియో

ముందే చెప్పేస్తున్నాం, పేరున్న పాత పెయింటింగులకు ఆయిల్ నకళ్లు వేసిచ్చే ఈ హైదరాబాద్ స్టూడియోలో బొమ్మను నిజంగా చేత్తోనే వేస్తారు. ప్రింటు మీద బ్రష్ గీతలు కనబడేలా పారదర్శకమైన జెల్ పూసి ‘హ్యాండ్ పెయింటెడ్’ అని అంటగట్టే బాపతు కాదు. పక్క నుంచి టార్చి కొడితే తేడా తెలిసిపోతుంది. జెల్ పూసిన దాంట్లో బ్రష్ గీతలది ఒక దారి, బొమ్మది ఇంకో దారి. భూతద్దం పెడితే అడుగున ఇంకు చుక్కలూ కనబడతాయి. ఇక్కడ గౌను మడత ఎటు తిరిగితే రంగు గట్టు కూడా అటే తిరిగింది. చేయి మంచిదే. కొలత దగ్గరా, రంగు దగ్గరా మాత్రం కస్టమరే కాపలా కాయాలి. రైతులు, కూలీలు, పేద ప్రయాణికులు ఉన్న 19వ శతాబ్దపు బొమ్మలకు ఈ కాపలా మరీ అవసరం.

ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన, పరిగె (కోతయ్యాక చేలో రాలిన కంకులు) ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ తీసుకోండి. అసలు కొలత 83.5 × 110 సెంటీమీటర్లు. స్టూడియోలో రెడీగా ఉండే కాన్వాస్ 24 × 36 అంగుళాలు. వెడల్పు 36 ఉంచితే ఎత్తు 27 కావాలి. ఉన్నది 24. అంటే మూడంగుళాల ఆకాశం కోసేయాలి, లేదా మనుషుల్ని అడ్డంగా సాగదీయాలి. రెండూ వద్దు, 30 × 40 అడగండి, దాదాపు అచ్చంగా సరిపోతుంది. అంతకన్నా చిన్నదైతే అసలు సంగతే పోతుంది. వెనకాల కుడివైపు గుర్రమ్మీద కూర్చుని అజమాయిషీ చేసే మనిషి, పెద్ద పెద్ద గోధుమ కుప్పలు, నిండిన బండి ఉంటాయి. ముందున్న ముగ్గురి వంగిన నడుములకు అర్థం వాటివల్లే. చిన్న కాన్వాస్‌లో ఆ గుర్రాన్ని ఒక మరకతో సరిపెట్టేస్తారు. రంగు వేసే ముందు స్టూడియో పంపే డ్రాయింగ్ ఫోటో వాట్సాప్‌లో రాగానే మొదట వెతకాల్సింది అతన్నే.

ఓల్గా నది గట్టున పడవ లాగేవాళ్లను రష్యన్ చిత్రకారుడు రేపిన్ వేసిన బొమ్మ (1870–73) సోఫా పైన బాగా నప్పుతుంది. 131.5 × 281 సెంటీమీటర్లు కాబట్టి 60 అంగుళాల వెడల్పుకు 28 ఎత్తు చెప్పండి. రేటు చదరపు అడుగు లెక్కన, ముఖాలకు అదనం. ఇందులో పదకొండు ముఖాలున్నాయి, బేరం ముందే తెంచుకోండి.

ఫ్రెంచి చిత్రకారుడు దోమియే వేసిన మూడో తరగతి రైలు పెట్టె బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అది అసంపూర్తి బొమ్మ, బొమ్మను కాన్వాస్ మీదికి ఎక్కించడానికి గీసిన గళ్ల గీతలు రంగు కిందనుంచి ఇంకా కనబడతాయి. చెప్పకపోతే ఇక్కడివాళ్లు వాటిని ఏదో లోపమనుకుని పూడ్చేస్తారు. ఉంచమని రాసివ్వాలి. ఆ మ్యూజియం తన దగ్గరున్న పాత బొమ్మల పెద్ద ఫోటోలను 2017 నుంచి ఉచితంగా వాడుకోనిస్తోంది, గూగుల్‌లో దొరికిన ఏదో ఒకటి కాకుండా ఆ ఫైలే ఇవ్వండి. మరో ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే వేసిన, రాళ్లు కొట్టే కూలీల బొమ్మ 1945లో డ్రెస్డెన్ దగ్గర నాశనమైంది. దానికి ఏ రంగు సరైనదని ఎవరితో వాదిస్తాం? ఒక్క రిఫరెన్స్ ఫోటో ఎంచుకుని దానికే కట్టుబడాలి.

అసలు తంటా వాన్‌గో బంగాళదుంపలు తినేవాళ్లతో (1885). పొట్టు తీయని, మట్టి అంటిన దుంప రంగు రావాలని ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. మన దగ్గర పెయింటర్లకు డల్‌గా ఉంటే కస్టమర్ ఒప్పుకోడన్న భయం. దాంతో చెంపలకు గులాబీ, దీపానికి నిమ్మపసుపు వచ్చి చేరతాయి. పేదవాళ్ల ఇల్లు కాస్తా క్యాలెండర్ అవుతుంది. టైటానియం వైట్ (బాగా తెల్లని రంగు) నేరుగా కలపొద్దని, దీపం చుట్టూ ఉన్న చోట తప్ప ఎక్కడా లేత రంగు వద్దని రాయించండి. వాట్సాప్ ఫోటో నమ్మొద్దు, ఫోన్ చీకటిని తనంతట తానే వెలిగించేస్తుంది. పగటి వెలుగులో వెళ్లి చూడాల్సిందే.

ముదురు బొమ్మలకు ఇంకో జబ్బుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఆరాక అక్కడక్కడా బూడిద పట్టినట్టు వెలిసిపోతుంది. రంగు చెడిపోయి కాదు, చవక కాన్వాస్ మీది జెస్సో (రంగుకు ముందు పూసే తెల్లటి అడుగు పూత) నూనెను పీల్చేసుకోవడం వల్ల. ఆరిన తర్వాత లిన్‌సీడ్ నూనె పలచగా రుద్ది, గుడ్డతో తుడిచేస్తే లోతు తిరిగొస్తుంది. ఇక్కడ ఈ పని అడిగితేనే చేస్తారు, ఊరికే మాత్రం చేయరు.

డెలివరీకి నాలుగు వారాలంటారు. వానాకాలంలో ఆరు వారాలనుకోండి, తేమకు ఆయిల్ త్వరగా ఆరదు. తొందరపెడితే అడుగు పొర పచ్చిగా ఉండగానే పై పొర వేస్తారు, ఆనక పగుళ్లు తేలతాయి. డెలివరీ రోజే మెరిసే వార్నిష్ కొట్టే అలవాటు కూడా ఉంది, అది ఆపించండి. ఆర్నెల్ల తర్వాత, రంగు మందంగా ఉంటే ఏడాదికి, మ్యాట్ వార్నిష్ వేయించుకోవచ్చు. అప్పటిదాకా రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే తేలికపాటి వార్నిష్) పలచగా చాలు. పాత యూరప్ ఆయిల్ బొమ్మ వెలుగు కింద ఎలా ఉంటుందో ఆర్డర్‌కు ముందు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగుల గ్యాలరీ ఉండనే ఉంది.

కాన్వాస్‌ను చుట్టి ఇస్తే రంగు వైపు బయటికి ఉండాలి, గొట్టం కనీసం నాలుగంగుళాల లావు, చుట్టూ రెండంగుళాల ఖాళీ అంచు. లోపలికి చుడితే రంగు నలిగిపోతుంది. స్ట్రెచర్ (కాన్వాస్ బిగించే చెక్క చట్రం) మూలల్లో, బిగువు సరిచేసే చెక్క చీలలు ఉన్నాయో లేదో చూడండి. మేకులు కొట్టి బిగించేసిన చట్రమైతే వానలకు కాన్వాస్ వదులైనప్పుడు మళ్లీ బిగించే దారుండదు. 30 అంగుళాలు దాటితే మధ్యలో అడ్డపట్టీ కూడా కావాలి.

అడిగితే ఈ మధ్యకాలపు తెలుగు చిత్రకారుల పల్లె బొమ్మలు కూడా వేసిస్తామంటారు. అది కుదరదు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1941లో పోయిన అమృతా షేర్‌గిల్ బొమ్మలకు ఆ గడువు ఎప్పుడో తీరింది, 2011లో పోయిన ఎం.ఎఫ్. హుస్సేన్‌కు 2071 చివరి దాకా ఉంది. పాత బొమ్మైనా సరే నకలు మీద అసలు సంతకం వేయించొద్దు, వెనకాల ‘నకలు’ అని తేదీతో రాయించుకోండి.