శాసనమా, శాస్త్రమా, గాథా? ప్రాచీన దక్కను స్త్రీని తెలుసుకోవడానికి ఏది మేలు?

ప్రాచీన కాలంలో స్త్రీ ఏ పనులు చేసింది, ఎంత ఆస్తి మీద ఆమె మాట చెల్లింది అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోని ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ (స్త్రీ స్వాతంత్ర్యానికి అర్హురాలు కాదు) అన్న మాట దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. సమర్థించేవారూ ఖండించేవారూ ఒకే వాక్యాన్ని పట్టుకుని వాదించుకుంటారు. ఆ స్మృతి రూపుదిద్దుకున్నదని సాధారణంగా చెప్పే క్రీ.పూ. 200 – క్రీ.శ. 200 మధ్యకాలంలోనే దక్కనులో శాతవాహనులు రాజ్యమేలారు. ఆ కాలానికీ, తరువాత వచ్చిన ఇక్ష్వాకుల కాలానికీ మనకు శాసనాలు, శాస్త్ర గ్రంథాలు, ప్రాకృత గాథలు (చిన్న పద్యాలు) అనే మూడు రకాల ఆధారాలున్నాయి. వీటిలో దేనికి ముందు పీట వేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

నా మొగ్గు శాసనాల వైపే. జున్నరు దగ్గర నానేఘాట్ కనుమలోని గుహలో శాతవాహన రాణి నాగానిక పేరుతో ముడిపడిన శాసనం అశ్వమేధ, రాజసూయాది యాగాలను, వాటి సందర్భంగా ఇచ్చిన వేల గోవులను, ఏనుగులను, గుర్రాలను, కార్షాపణాలనే నాణేలను వరుసగా లెక్క చెబుతుంది. స్త్రీకి వేరుగా యజ్ఞం లేదని మనువు ఐదో అధ్యాయంలో అన్నాడు కనుక, ఈ యాగాలు ఆమె చేసినవా, భర్త శాతకర్ణితో కలిసి చేసినవా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదం ఎటు తేలినా, రాజకుటుంబపు ఘనతను చెప్పే శిలాలేఖనంలో రాణికి ఇంత చోటు దక్కడం గమనించదగిన విషయం. నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ శాసనం సంగతీ అంతే. ‘క్షహరాత వంశాన్ని (పశ్చిమ దక్కనునేలిన శక క్షత్రపులను) నిరవశేషం చేసినవాడు’ అని గౌతమీపుత్ర శాతకర్ణిని కీర్తించిన ఆ ప్రశస్తి, మనుమడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో ఆమె భదాయనీయ శాఖ బౌద్ధ భిక్షువులకు గుహను దానం చేసిన సందర్భంలో చెక్కినది. ఆ రాజు విజయాల గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం తల్లి దానపత్రం నుంచే వచ్చింది. అయితే గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర వంటి పేర్లు చూసి అది మాతృస్వామ్యమని తీర్మానించడం తొందరపాటు. ఆ పేర్లు తల్లి గోత్రాన్ని చెబుతాయే తప్ప సింహాసనం తండ్రి వైపు వారసులకే దక్కింది.

నాగార్జునకొండకు వస్తే చిత్రం మరింత స్పష్టమవుతుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యాన్ని (పెద్ద స్తూపాన్ని) చాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో పునర్నిర్మింపజేసింది. వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లను పెళ్లాడాడని అక్కడి స్తంభలేఖలే చెబుతున్నాయి. మేనరికం మనకు ఎంత పాతదో చూపే సాక్ష్యం ఇది. రాణివాసానికి చెందని ఉపాసిక (బౌద్ధ గృహస్థురాలు) బోధిసిరి శాసనం నాకు వీటన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. అదే రాజు 14వ పాలనా సంవత్సరంలో నాగార్జునకొండలోని చుళధమ్మగిరిపై చైత్యగృహం కట్టించిన ఆమె, అంతకుముందు చేయించిన పనులను కూడా జాబితాగా రాయించింది. పూర్వశైలంలో చెరువు, పాపిలలో ఏడు గదులు, పుప్ఫగిరిలో రాతి మండపం, కంటకసెలలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద మరో రాతి మండపం అందులో ఉన్నాయి. పనులు పర్యవేక్షించిన ముగ్గురు థేరుల (పెద్ద భిక్షువుల) పేర్లతోపాటు రాతిపనివాని పేరు కూడా చెక్కించింది. ఊరూరా నిర్మాణాలకు ధనం సమకూర్చి, లెక్క రాయించిన గృహిణి ఏ స్మృతిలోనూ కనిపించదు.

అయినా శాసనానికి ఒక పెద్ద లోపముంది: ఇచ్చేవారినే అది ఎరుగును. అమరావతిలో విధికుడనే చర్మకారుడు పూర్ణఘట (నిండు కుండ) శిల్పమున్న ఫలకాన్ని దానం చేస్తూ తల్లితో, భార్యతో, సోదరులతో, కూతుళ్లతో కలిసి ఇస్తున్నానని చెక్కించాడు. తండ్రి నాగుని పేరు ఉంది, కొడుకు నాగుని పేరు ఉంది. తల్లి, భార్య, కూతుళ్ల పేర్లు లేవు. తోలుపనిలో వారి చేయి ఎంత పడిందో ఆ రాయి చెప్పదు.

ఇక్కడ కౌటిల్యుని రాజనీతి గ్రంథం అర్థశాస్త్రం అక్కరకొస్తుంది. అది దక్కను గ్రంథం కాదు, పైగా శాస్త్రం కనుక ఆదర్శమూ అందులో కలిసి ఉంటుంది. కానీ సూత్రాధ్యక్షుని (నూలు పనులు చూసే అధికారి) అధ్యాయంలో వితంతువులు, అంగవైకల్యం గల స్త్రీలు, వృద్ధ దాసీలు నూలు వడకడం గురించి, నూలు నాణ్యతను బట్టి కూలి కట్టడం గురించి ఉన్న వివరాలు ఊహించి రాసినవిగా అనిపించవు. తెల్లవారుజామున నూలు తెచ్చిన స్త్రీ ముఖం వైపు చూసినా, పని కాని మాట మాట్లాడినా అధికారికి జరిమానా. కూలి ఆలస్యం చేస్తే అంతకంటే పెద్ద జరిమానా. కూలి తీసుకుని పని చేయని స్త్రీకి మాత్రం బొటనవేలు నరికే శిక్ష. ఇంత క్రూరమైన వివరం మనుస్మృతి నీతివాక్యం కంటే శ్రమజీవి స్త్రీ గురించి ఎక్కువ చెబుతుంది.

శాతవాహన రాజు హాలుడు కూర్చినదని చెప్పే ప్రాకృత గాథల సంకలనం గాథాసప్తశతి విషయం కొంత వేరు. వరిచేను కాచే పిల్ల, పత్తి చేను, నాగలి పట్టే హాలికుడు, ‘అత్తా’ అన్న పిలుపు చూసి తెలుగువారికి సొంతూరిలా అనిపించడం సహజమే. రేవ, అనులక్ష్మి వంటి కవయిత్రుల పేర్లు వ్యాఖ్యానాల్లో నిలవడం కూడా విశేషమే. కానీ అక్కడి పల్లె స్త్రీ ముందుగా శృంగార నాయిక, ఆ తరువాతే రైతుకూలి. కావ్యరసం కోసం చదవాలి గానీ సాక్ష్యంగా మూడో స్థానమే ఇస్తాను.

కనుక ఆస్తి, దానం, సంఘంలో హోదా తెలుసుకోవాలంటే శాసనమే మేలు. కూలి, శిక్ష, రోజువారీ శ్రమ తెలుసుకోవాలంటే అర్థశాస్త్రం మేలు. కొత్తగా మొదలుపెట్టేవారు బోధిసిరి శాసనాన్ని ముందు చదివి, వెంటనే విధికుని రెండు పంక్తులు చదవడం మంచిది.