మంచు ఎక్కువ పడిన ఏడాది ఎత్తైన కనుమలకు ఏది మేలు: మైక్రోస్పైక్‌లా, క్రాంపాన్‌లా, స్నోషూలా?

మంచు విపరీతంగా కురిసిన ఏడాది, మామూలుగా వేసవి మొదట్లోనే బయటపడే కొండదారులు మరికొన్ని వారాలపాటు కప్పబడే ఉంటాయి. అలాంటప్పుడు బరువైన సంచి వీపున వేసుకుని కనుమ దాటేవారు కాళ్లకు ఏం తొడుక్కోవాలో మంచు లోతును బట్టి తేల్చుకోవాలని చూస్తారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనవి మూడు: వాలు ఎంత నిటారుగా ఉంది, దాని మీదికి ఏ వేళకు చేరతాం, జారితే కింద ఏముంది.

మైక్రోస్పైక్‌లంటే రబ్బరు పట్టీకి గొలుసులతో బిగించిన, సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ముళ్లు. జత బరువు 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, దాదాపు ఏ బూటుకైనా సరిపోతాయి, నిమిషంలో తొడిగి విప్పుకోవచ్చు. తక్కువ వాలు ఉన్న దారికి ఇంతకంటే అక్కరలేదు. అయితే నిటారు వాలును అడ్డంగా దాటుతున్నప్పుడు రబ్బరు సాగి, ముళ్లు బూటు అడుగు నుంచి పక్కకు జరిగిపోతాయి. గడ్డకట్టిన మంచులోకి అవి లోతుగా దిగవు కూడా.

క్రాంపాన్‌లంటే బూటు అడుగున బిగించుకునే లోహపు చట్రాలు. వాటికి సాధారణంగా 10 లేదా 12 పొడవాటి పళ్లు, వాటిలో రెండు ముందుకు పొడుచుకుని ఉంటాయి. ఉక్కువి బరువు, అల్యూమినియంవి తేలికే గానీ రాళ్ల మీద త్వరగా అరిగిపోతాయి. బూటుకు సరిగ్గా అమరాలి, కాళ్లు ఎడంగా వేసి నడవడం అలవాటు కావాలి, లేకపోతే పళ్లు రెండో కాలి ప్యాంటుకు తగులుకుని మనిషిని పడేస్తాయి. తడి మంచు పళ్ల మధ్య ముద్దకట్టి పట్టు పోగొట్టడం మరో చిక్కు.

ఇక స్నోషూలు, అంటే మంచులో దిగబడకుండా కాళ్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు, కొత్తగా పడిన పొడి మంచులోనే బరువుకు తగిన ఫలితమిస్తాయి. జత రెండు కిలోల దాకా ఉండే వాటిని వేసవి ముంగిట మోసుకెళ్లడం నాకు వృథా అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి మంచు అణిగి, తెల్లవారుజామున మనిషిని మోసేంత గట్టిగా ఉంటుంది. ఆ బరువును, తాగునీటికి మంచు కరిగించే ఇంధనానికి కేటాయించడం మేలు: కిలో మంచును కరిగించడానికి పట్టే వేడి, ఆ నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు తెచ్చే వేడికి ఇంచుమించు సమానం.

అసలు చిక్కు వేళలోనే ఉంది. మధ్యాహ్నానికి మంచు మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది, నిటారు వాలుల మీద తడి మంచు జారిపడే ముప్పూ పెరుగుతుంది. కనుక కనుమను పొద్దున్నే దాటాలి. కానీ ఆ వేళకు మంచు రాయిలా ఉండి, మైక్రోస్పైక్‌లు సరిపోని స్థితి సరిగ్గా అప్పుడే వస్తుంది. అందుకే దారిలో 30 డిగ్రీలకు మించిన వాలు ఒక్కటి ఉన్నా, దాని కింద బండలు గానీ కొలను గానీ ఉన్నా, నేను క్రాంపాన్‌లకే ఓటు వేస్తాను. వాటికి తోడుగా ఐస్ యాక్స్ (జారినప్పుడు మంచులో గుచ్చి ఆగడానికి వాడే చేతి గొడ్డలి) ఉండాలి, ఎందుకంటే జారడం మొదలైన మనిషిని ట్రెకింగ్ కర్రలు ఆపలేవు. ఐస్ యాక్స్ కూడా, కింద ఏ ప్రమాదమూ లేని వాలు మీద ముందుగా సాధన చేసినవారి చేతిలోనే పనికొస్తుంది.

ఆ సాధనకు తీరిక లేనివారికి ప్రయాణాన్ని కొన్ని వారాలు వాయిదా వేయడమే మేలు. అయితే వాయిదాకు కూడా ఖరీదుంది: కరిగిన మంచంతా వాగుల్లోకి చేరి, మామూలు ఏడాది రాళ్ల మీదుగా దాటేసేవి నడుము లోతున పరుగెత్తుతాయి. మంచు కరుగునీటితో పారే వాగు సాయంత్రానికి పొంగి, తెల్లవారేసరికి తగ్గుతుంది కాబట్టి, పెద్ద వాగు ఇవతలే గుడారం వేసి మర్నాడు పొద్దున్నే దాటేలా మజిలీలు సర్దుకోవాలి, అప్పటికీ నీరు తగ్గకపోతే ఆగడానికో వెనుదిరగడానికో సరిపడా తిండి అదనంగా పెట్టుకోవాలి.