ప్లాంట్‌యూఎంఎల్‌తో ఆబ్జెక్ట్ డిజైన్ నేర్చుకోవడం: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

మౌస్‌తో డబ్బాలు లాగే పని లేకుండా, మామూలు టెక్స్ట్‌లో నాలుగు లైన్లు రాస్తే డయాగ్రమ్ గీసిచ్చే ఉచిత ఓపెన్ సోర్స్ పరికరం ప్లాంట్‌యూఎంఎల్. 2009 నుంచి ఉంది. యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను గీసి చూపే ప్రామాణిక గుర్తుల భాష) మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే. డబ్బా పక్కన డబ్బా సర్దడంలో పడితే క్లాసుల (ఒకే రకం వస్తువులకు నమూనాల) మధ్య సంబంధం గురించి ఆలోచించే ఓపిక మిగలదు. ఇక్కడ ఆ సర్దుడు పరికరానిదే. అయితే ఒక విషయం మొదటి రోజే తెలుసుకోవాలి: ఇది మనం రాసింది రాసినట్టు గీస్తుంది. సింటాక్స్ తప్పితే ఆగుతుంది గానీ డిజైన్ తప్పితే ఒక్క మాట అనదు. ఆ కాపలా మనమే కాయాలి.

ఇన్‌స్టాల్ చెయ్యడం తేలికే. జావా ఉంటే ఒక్క జార్ ఫైల్ చాలు. సీక్వెన్స్ డయాగ్రమ్‌లు, కొత్త పద్ధతి యాక్టివిటీ డయాగ్రమ్‌లు దానితోనే వస్తాయి. క్లాస్, స్టేట్, యూజ్ కేస్ డయాగ్రమ్‌లకు మాత్రం లేఅవుట్ కోసం మామూలుగా గ్రాఫ్‌విజ్ అనే మరో ప్రోగ్రామ్ కావాలి. సీక్వెన్స్ బాగా వచ్చి క్లాస్ డయాగ్రమ్ రాలేదంటే ముందు దాన్నే అనుమానించాలి. టెస్ట్‌డాట్ అనే ఆప్షన్‌తో జార్‌ను నడిపితే గ్రాఫ్‌విజ్ దొరికిందో లేదో చెబుతుంది.

యూఎంఎల్ 2.5లో 14 రకాల డయాగ్రమ్‌లున్నాయి. నేర్చుకునే దశలో మూడింటితో పని గడిచిపోతుంది: క్లాస్ (ఏ క్లాసులున్నాయి, వాటి సంబంధాలేంటి), సీక్వెన్స్ (వస్తువులు ఒకదానికొకటి ఏ వరసలో మెసేజ్‌లు పంపుకుంటాయి), స్టేట్ (ఒక వస్తువు ఏ స్థితుల గుండా వెళుతుంది). నిజమైన చదువంతా క్లాస్ డయాగ్రమ్‌లో గీతల దగ్గరే. మామూలు సంబంధానికి రెండు హైఫన్లు. ఇన్‌హెరిటెన్స్‌కి (తల్లి క్లాస్ లక్షణాలు పిల్ల క్లాస్‌కు రావడం) <|-- అని, కాంపోజిషన్‌కి (భాగం పూర్తిగా ఒక యజమానిదే కావడం) *-- అని, ఇంటర్‌ఫేస్‌ను (ఏ పనులు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందాన్ని) అమలు చేసే క్లాస్‌కి ..|> అని, కేవలం వాడుకోవడమే అయితే ..> అని రాయాలి. త్రికోణం ఎప్పుడూ తల్లి క్లాస్ వైపే ఉండాలి. ఇంకో కిటుకు ఉంది. లైన్‌లో ఎడమ పక్కన రాసిన క్లాస్ బొమ్మలో పైకి వెళుతుంది. తల్లిని కుడి పక్కన పెట్టి --|> అని రాసినా అర్థం మారదు, కానీ పిల్ల పైన, తల్లి కింద వచ్చి చదివేవాళ్లు తికమకపడతారు. అందుకే తల్లిని ఎప్పుడూ ఎడమనే రాయండి.

మొత్తానికీ భాగానికీ మధ్య వదులు సంబంధాన్ని చూపే ఖాళీ డైమండ్ (అగ్రిగేషన్) జోలికి నేర్చుకునేవాళ్లు వెళ్లకపోవడమే మేలు. దాని కచ్చితమైన అర్థం వాడే రంగాన్నీ, మోడల్ చేసేవాళ్లనూ బట్టి మారుతుందని యూఎంఎల్ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాంపోజిషన్‌ను చూపే నిండు డైమండ్‌కు మాత్రం గట్టి అర్థం ఉంది: భాగానికి ఒక సమయంలో ఒక్కటే యజమాని, యజమానిని తొలగిస్తే అప్పటికి దానిలో ఉన్న భాగాలూ పోతాయి. ఒకే భాగం వస్తువుకు ఇద్దరు యజమానులను గీసినా ప్లాంట్‌యూఎంఎల్ కిమ్మనదు. కాబట్టి డైమండ్ పెట్టిన ప్రతిచోటా 'ఇది పోతే అదీ పోవాలా?' అని అడిగి, అవునంటేనే ఉంచాలి.

లైబ్రరీ ఉదాహరణ అందరూ గీస్తారు, చాలామంది ఒకేచోట జారతారు. 'పుస్తకం' అనే ఒక్క క్లాస్ పెట్టి దాన్ని సభ్యుడికి కలిపేస్తారు. ఒకే పుస్తకానికి అయిదు కాపీలుంటే, అరువు వెళ్లింది ఏది? కాబట్టి శీర్షిక, రచయిత ఉండే 'పుస్తకం' వేరు, బీరువాలో నంబరు వేసుకుని కూర్చున్న 'ప్రతి' వేరు. సభ్యుడికీ ప్రతికీ మధ్య 'అరువు' అనే క్లాస్ కావాలి, ఇచ్చిన తేదీ, గడువు తేదీ ఆ ఇద్దరిలో ఎవరికీ చెందవు గనక. ఇక మల్టిప్లిసిటీ, అంటే ఒకదానికి అవతలివి ఎన్ని ఉండొచ్చో చెప్పే అంకె (నక్షత్రమంటే ఎన్నైనా). ప్రతి నుంచి అరువుకు 0..1 అని రాయాలా, 0..* అని రాయాలా? ఒక ప్రతి ఒకసారి ఒకరి దగ్గరే ఉంటుంది కదా అని 0..1 రాస్తారు. అలా రాస్తే తిరిగిచ్చాక ఆ అరువు చెరిగిపోవాల్సిందే. పాత అరువుల చరిత్ర కావాలంటే 0..* రాసి, 'తిరిగి రాని అరువు ఒకటికి మించకూడదు' అని నోట్ పెట్టాలి. ఆ రెండు చుక్కలు, ఆ నక్షత్రమే రేపు డేటాబేస్ టేబుల్ రూపాన్ని నిర్ణయిస్తాయి. అంకెలను డబుల్ కొటేషన్లలో, గీతకు రెండు పక్కలా రాయడం మరవకండి. ఒక వైపు రాసి వదిలేస్తే బొమ్మ వస్తుంది, మోడల్ మాత్రం సగమే అవుతుంది.

సీక్వెన్స్ డయాగ్రమ్‌లో మొదట తగిలే ఉచ్చు గుర్తులదే. క్లాస్ డయాగ్రమ్‌లో రెండు హైఫన్లంటే నిండు గీత. ఇక్కడ అవే రెండు హైఫన్లు తెగిన గీత, అంటే తిరిగొచ్చే జవాబు. పిలుపుకు -> రాయాలి, జవాబుకు --> రాయాలి. ->> అని రాస్తే బాణం మొన మారి, జవాబు కోసం ఆగని పిలుపుగా చదువుకుంటారు. యాక్టివేట్ చేసిన లైఫ్‌లైన్‌ను (ఒక్కో వస్తువు కింద దిగే నిలువు గీతను) డీయాక్టివేట్ చెయ్యకపోతే ఆ సన్నని పట్టీ బొమ్మ చివరిదాకా సాగుతుంది.

దీన్ని క్లాస్ డయాగ్రమ్ పక్కన పెట్టి సరిచూసుకుంటేనే చదువు ఒంటబడుతుంది. పిలుపు బాణం ఎవరి దగ్గర ఆగిందో ఆ క్లాస్‌లో ఆ పేరుతో ఆపరేషన్ (ఆ క్లాస్ చేయగల పని) ఉండాలి. సభ్యుడి లైఫ్‌లైన్‌కు 'గడువు దాటినవి ఉన్నాయా()' అని మెసేజ్ వెళ్లిందంటే సభ్యుడి క్లాస్‌లో అదే ఆపరేషన్, అవే పారామీటర్లతో కనపడాలి. పంపినవాడికి ఆ వస్తువు అందుబాటులో ఉండాలి కూడా: వాటి మధ్య గీత ఉండాలి, లేదా పారామీటర్‌గానో, అంతకుముందు వచ్చిన జవాబుగానో, అక్కడికక్కడ సృష్టించినదిగానో చేతికి వచ్చి ఉండాలి. రెండు టెక్స్ట్ ఫైళ్లనూ పక్కపక్కన తెరిచి ఒక్కో బాణానికీ టిక్కు పెట్టుకుంటూ పొండి. ఇరవై బాణాలకు పావుగంట పట్టదు. ఆపరేషన్ ఒక్కటీ లేని క్లాసులు, ఎవరూ పిలవని ఆపరేషన్లు అప్పుడే బయటపడతాయి.

బొమ్మ ఆకారం కూడా చూడండి. బాణాలన్నీ ఒక్క కంట్రోలర్ (మిగతావాటిని నడిపించే వస్తువు) లైఫ్‌లైన్ నుంచే గొడుగు కమ్మీల్లా బయల్దేరి, మిగతా వస్తువులు విలువలు ఇచ్చి ఊరుకుంటుంటే, లెక్కంతా ఆ ఒక్క క్లాస్‌లోనే పేరుకుందన్న మాట. గడువు దాటిందో లేదో కంట్రోలర్ తేదీలు తెచ్చుకుని పోల్చుకోకూడదు, అరువునే అడగాలి. దాని తేదీ దాని దగ్గరే ఉంది.

స్టేట్ డయాగ్రమ్ ఒక వస్తువు జీవితానిదే అయ్యుండాలి. ఇక్కడ 'ప్రతి' చక్కగా సరిపోతుంది: అందుబాటులో, అరువులో, మరమ్మతులో, పోయింది. 'కౌంటర్ దగ్గర స్కాన్ చేయడం' స్థితి కాదు, పని. పనులు పెట్టెల్లోకి వచ్చాయంటే మీరు యాక్టివిటీ డయాగ్రమ్ గీస్తున్నారు.

ఇక విసిగించేవి. రిలేషన్ లైన్‌లో క్లాస్ పేరు ఒక్క అక్షరం తప్పుగా రాస్తే ఎర్రర్ రాదు, ఆ తప్పు పేరుతో కొత్త ఖాళీ డబ్బా పుడుతుంది. డబ్బాల్లోని ఖాళీ అరలను దాచే హైడ్ ఎంప్టీ మెంబర్స్ పెట్టుకునే అలవాటుంటే అది మామూలు క్లాసుల్లో కలిసిపోయి ఇంకా కనపడదు. బొమ్మ వచ్చాక డబ్బాలు లెక్కపెట్టడం మంచిది. పదిహేను క్లాసులు దాటితే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఒక్క గీత చేర్చినా లేఅవుట్ అంతా మారిపోవచ్చు. ఒక హైఫన్‌తో పక్కపక్కన, రెండింటితో పైనా కిందా వస్తాయన్నది గుర్తుంటే కొంత అదుపు దొరుకుతుంది. బొమ్మలో కనపడని హిడెన్ గీతలతో ఇంకొంత లాగొచ్చు, కానీ నాలుగైదు హిడెన్ గీతలు పెట్టాల్సి వచ్చిందంటే డయాగ్రమ్‌ను రెండుగా విడగొట్టడమే మందు. గీతలు లంబకోణాల్లో మలుపు తిరిగి వస్తాయని ఆర్థో అనే సెట్టింగ్ పెడితే వాటి మీది పేర్లు ఎక్కడికో పోతాయి, నేను వాడడం మానేశాను. పీఎన్‌జీ బొమ్మ 4096 పిక్సెళ్ల దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది. లిమిట్ సైజు వేరియబుల్ పెంచండి, లేదా ఎస్‌వీజీ తీయండి.

తెలుగులో పేర్లు పెట్టొచ్చు, పెట్టాలి కూడా, ఆ రంగంవాళ్లు వాడే మాటే క్లాస్ పేరు కావాలి గనక. పేరును డబుల్ కొటేషన్లలో పెట్టి, యాజ్ అని రాసి పొట్టి మారుపేరు ఇచ్చి, గీతలన్నీ ఆ మారుపేరుతోనే రాయండి. లేకపోతే ఒకచోట కంటికి కనపడని జీరో విడ్త్ అక్షరం పడి, ఒకేలా కనిపించే రెండు క్లాసులు తయారవుతాయి. ఫైల్‌ను యూటీఎఫ్-8లో దాచి, క్యారెక్టర్ సెట్ ఆప్షన్‌లో అదే చెప్పండి. అయినా ఖాళీ డబ్బాలే కనిపిస్తే డిఫాల్ట్ ఫాంట్‌గా తెలుగు ఉన్న ఫాంట్ పేరు ఇవ్వాలి.

పాత బొమ్మ దొరికి టెక్స్ట్ పోతే కంగారు పడకండి, పీఎన్‌జీ మెటాడేటాలో (బొమ్మ ఫైల్‌లో దాగి ఉండే అదనపు సమాచారంలో) మూల టెక్స్ట్ ఉంటుంది, మెటాడేటా ఆప్షన్‌తో బయటికి తీయొచ్చు. కానీ ఇదే బయటివాళ్లకూ వర్తిస్తుంది. ఆన్‌లైన్ సర్వర్ ఇచ్చే లింకులోనూ మీ టెక్స్ట్ కుదించి ఉంటుంది, లింకు చేతికొచ్చిన ఎవరైనా విప్పి చదవగలరు. ఆఫీసు డిజైన్లకు సొంత మెషీన్ మీద జార్ మాత్రమే వాడండి.