ఆరు నెలలు వాడిన ప్లగ్ మీటర్: ఏది ఎంత కరెంటు లాగుతోందో చూశాక

మా ఇంట్లో కరెంటు ఆదా అంటే చాలాకాలం ఒకటే పని, ఎవరైనా లైటు ఆపకుండా గదిలోంచి బయటికొస్తే కేకలేయడం. బిల్లు మాత్రం తగ్గేది కాదు. అందుకే సాకెట్‌కూ వస్తువుకూ మధ్యలో పెట్టే చిన్న ప్లగ్ మీటర్ ఒకటి తెచ్చాను. ఆ క్షణాన ఎన్ని వాట్లు లాగుతోందో, పెట్టినప్పటి నుంచి ఎన్ని యూనిట్లు అయ్యాయో రెండూ చూపిస్తుంది.

మొదట ఫోన్ చార్జర్ పెట్టి చూశాను, ప్లగ్‌లో వదిలేస్తే ఊరికే కరెంటు తింటుందని అందరూ ఎక్కువగా అనేది దాని గురించే కాబట్టి. ఫోన్ తగిలించకుండా ఉత్త చార్జర్ ఉంచితే మీటర్ సున్నా చూపించింది. అసలు లాగదని కాదు, ఈ మీటర్‌కు అందనంత తక్కువ. అదే టీవీ పక్కనున్న పాత సెట్‌టాప్ బాక్స్ మాత్రం ఆన్‌లో ఉంటే 13 వాట్లు, రిమోట్‌తో ఆపేశాక కూడా 11 వాట్లు! నేను రెండుసార్లు తీసి పెట్టి చూశాను, అదే అంకె. 11 వాట్లు చిన్నదే అనిపిస్తుంది గానీ ఏడాది పొడుగునా అలా వదిలేస్తే 96 యూనిట్లు అవుతుంది, ఆ కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజుకు 5 గంటల చొప్పున అయిదేళ్ల పైనే వెలిగించుకోవచ్చు. ఇన్నాళ్లూ పిల్లల్ని ఆ బల్బు కోసం తిట్టినందుకు బాధేసింది. స్టాండ్‌బైలో, అంటే ఇలా రిమోట్‌తో ఆపి ప్లగ్ తీయకుండా వదిలేసినప్పుడు, ఏ వస్తువూ 1 వాట్‌కు మించి లాగకుండా చూడాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే అన్ని దేశాలకూ సూచించింది. మా టీవీ ఆ లెక్కలోనే ఉంది, బాక్స్ లేదు. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తున్నాం.

అసలు ఉపయోగం ఫ్రిజ్ దగ్గర కనబడింది. కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌కు వాట్లు చూసి లాభం లేదు, కనీసం మూడు రోజులు మీటర్ వదిలేసి యూనిట్ల సగటు తీయాలి. మాది రోజుకు 1.9 వచ్చింది. పాతదైపోయింది, మార్చేద్దాం అనుకున్నాం. ఈలోగా ఎందుకైనా మంచిదని తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే ఏ పట్టూ లేకుండా జారి వచ్చేసింది, అంటే చల్లదనం రోజంతా అక్కడి నుంచే పోతోందన్నమాట. తలుపు రబ్బరు మార్పించి, వెనక కాయిల్ మీద దుమ్ము దులిపి, గోడకు కాస్త దూరం జరిపాం. మళ్లీ మూడు రోజులు కొలిస్తే 1.4. ఏడాదికి సుమారు 180 యూనిట్ల తేడా, పైగా పనిచేసే ఫ్రిజ్ చెత్తలోకి పోలేదు.

వాషింగ్ మెషీన్‌లోనూ అంతే, వేడినీళ్ల వాష్‌కు దాదాపు ఒక యూనిట్, మామూలు నీళ్లతో అందులో ఆరో వంతు కూడా కాలేదు.

లోపాలున్నాయి. తెరకు వెనక లైటు లేదు, సాకెట్ కింద మూలన ఉంటే టార్చి పట్టుకుని వంగి చూడాలి. పక్క సాకెట్‌ను కూడా కప్పేస్తుంది. కరెంటు పోతే లెక్క చెరిగిపోయే రకాలు కూడా ఉన్నాయట, నాది గుర్తుపెట్టుకుంటుంది, కొనేముందు ఇది తప్పకుండా అడగండి. సీలింగ్ ఫ్యాన్, నేరుగా వైరింగ్‌కు కలిపిన గీజర్ లాంటివి దీంతో కొలవలేం. ఎక్కువ లోడ్ లాగే హీటర్లు పెట్టేముందు మీటర్ మీద రాసిన ఆంపియర్లు చూసుకోండి, దాటితే ప్లగ్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. అయితే ఇంటికొకటి అక్కర్లేదు, రెండు వారాల్లో ఇల్లంతా కొలవడం అయిపోతుంది, ఆ తర్వాత ఊరికే పడుంటుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు. మాది ఇప్పుడు అక్కావాళ్లింట్లో ఉంది, నిన్నే వాళ్ల ఫ్రిజ్‌కు పెట్టారు.