మెల్‌బోర్న్‌లో చిన్న విమానం: మన కోనసీమ వాళ్లకి ఓ మాట

పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లే అమలాపురం, రాజోలు వాళ్లు మూరబ్బిన్ ఎయిర్‌పోర్టులో ట్రయల్ ఫ్లైట్ తప్పకుండా ఎక్కండి. లైసెన్సు అక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి, పైకి వెళ్లాక కంట్రోల్స్ మన చేతికిస్తారు. మేం ఎక్కింది సెస్నా 172 అనే చిన్న విమానం. రెక్కలు నెత్తిమీద ఉంటాయి కాబట్టి కిందంతా అడ్డు లేకుండా కనిపిస్తుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటుని కూడా ఇలా పైనుంచి చూడాలని ఎంత ఆశ పుట్టిందో! గాలికి కాస్త ఊగుతుంది, వెనక సీట్లో మా ఆవిడకి టెన్షన్ వచ్చింది. ఫొటోలకి వేరే డబ్బులు అడగడం మాత్రం నచ్చలేదు.

అక్కడ రిక్రియేషనల్ పైలట్ లైసెన్సుకి (సరదాకి చిన్న విమానం నడిపేందుకు ఇచ్చేది) కనీసం 25 గంటలు ఎగరాలి, అందులో 5 గంటలు ఒంటరిగా. 16 ఏళ్లు నిండాలి. మా మనవడు చేరతానంటున్నాడు, ఫీజు నేనే కడతానన్నాను.