ఆల్జీబ్రా వీడియో కోర్సు కొనబోతున్నారా? ముందు జవాబుల కీ సరిచూడండి

మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో ఒక ఆల్జీబ్రా కోర్సు కొన్నాం. వీడియోలు, ప్రాక్టీస్ షీట్లు, చివర్లో జవాబుల కీ. కరణులు (√2 లాంటి రూట్ సంఖ్యలు), భిన్న ఘాతాంకాలు (పవర్‌లో భిన్నం ఉండేవి) అంటే తనకి టెన్షన్, ఆ చాప్టర్ కోసమే తీసుకున్నాం. ఫ్రీగా చూపించిన శాంపిల్ పాఠం బాగుంది. √72ని √(36 × 2)గా రాసి 6√2 ఎలా వస్తుందో చక్కగా చెప్పారు. అది చూసి డబ్బు కట్టేశాం.

రెండు వారాల తర్వాత తన నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒకచోట రబ్బరుతో చెరిపిన మరక కనిపించింది. లెక్క, 16 పవర్ మైనస్ 3/4. చెరిపిన చోట 1/8 అన్న పెన్సిల్ గీత ఇంకా లీలగా ఉంది. దాని మీద −8 అని దిద్ది ఉంది. ఎందుకు మార్చావని అడిగితే, "కీలో అలాగే ఉంది నాన్నా, నాదే తప్పనుకున్నా" అంది. పిల్ల మొదట చేసిందే కరెక్ట్. 16కి నాలుగో మూలం 2, దాని ఘనం 8, ఘాతాంకంలో మైనస్ ఉంది కాబట్టి తిరగేస్తే 1/8. ఆ మైనస్ సంఖ్యను తలకిందులు చేస్తుందే తప్ప రుణ సంఖ్యగా మార్చదు. సరైన జవాబును తన చేత్తోనే చెరుపుకుందంటే నాకు చాలా బాధేసింది.

ఆ రాత్రే కూర్చుని షీట్‌లోని 40 లెక్కలూ చేసి చూశాను. కీలో 9 తప్పులు.

కొన్ని అచ్చు తప్పులని సరిపెట్టుకోవచ్చు. వీడియోలో నేర్పే పద్ధతే తప్పయితే ఏం చేస్తాం? రూట్ లోపల కూడిక ఉంటే దేనికదే రూట్ తీసేయమని ఒక షార్ట్‌కట్ చెప్పారు. √(9 + 16) అంటే √25, అంటే 5. వాళ్లు చెప్పినట్టు చేస్తే 3 + 4, 7 వస్తుంది. గుణకారానికి చెల్లే సూత్రం కూడికకు చెల్లదు. గుణకారంలో కూడా రూట్ లోపల రెండూ రుణ సంఖ్యలైతే చెల్లదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది √(ఎక్స్ + 6) = ఎక్స్ అన్న సమీకరణం. రెండు వైపులా వర్గం చేస్తే 3, −2 వస్తాయి. కీలో రెండూ జవాబులుగా ఇచ్చారు. −2 వేసి చూడండి, ఎడమవైపు √4, అంటే 2. కుడివైపు −2. రెండూ సమానం కావు. 2ని వర్గం చేసినా −2ని వర్గం చేసినా 4 వస్తుంది కదా, వర్గం చేయగానే గుర్తు తేడా పోతుంది, అక్కడే లేని జవాబు పుట్టుకొస్తుంది. అందుకే వచ్చిన విలువల్ని మొదటి సమీకరణంలో వేసి సరిచూడాలి. ఆ ఒక్క మాట వీడియో మొత్తంలో ఎక్కడా లేదు.

స్క్రీన్‌షాట్లతో సపోర్ట్‌కి రాశాను. సగానికి పైగా వీడియోలు చూసేశారు కాబట్టి రీఫండ్ రాదన్నారు. తప్పులు కంటెంట్ టీమ్‌కి చెప్తామన్నారు. నెల దాటింది, కీ అలాగే ఉంది.

కొనేవాళ్లు శాంపిల్‌గా తేలిక పాఠం చూపిస్తే ఆగకండి, చాప్టర్ మధ్యలోని ఒక షీట్, దాని కీ అడగండి. (−5) వర్గానికి √ తీస్తే 5 అని ఉందా, −5 అని ఉందా చూడండి, 5 అనే ఉండాలి. 5/(√7 − √2)లో హారాన్ని అకరణీయం చేస్తే, అంటే కింద రూట్ లేకుండా చేస్తే, √7 + √2 రావాలి, ఏ స్టెప్ తర్వాత ఏది వచ్చిందో కూడా రాసి ఉండాలి. స్టెప్పులు లేకుండా ఉత్త జవాబులే ఉంటే, తప్పు తనదో కీదో పిల్లలకి తెలిసే దారి ఉండదు. రీఫండ్ ఎన్ని వీడియోల వరకు ఇస్తారో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఇలాంటిది ఇప్పటికే కొనేసి ఉంటే, పిల్లల నోట్‌బుక్‌లో చెరిపి దిద్దిన జవాబులు ముందు చూడండి. మా అమ్మాయి ఒప్పును తప్పుగా మార్చుకున్నవి ఇంకో నాలుగు దొరికాయి.