చదువుకునే బల్ల మీదికి చేత్తో తిప్పే కిచెన్ టైమర్: కొనొచ్చా?

కొనొచ్చు, ఫోన్‌ని వేరే గదిలో పెట్టే ఉద్దేశం ఉంటేనే. టైమ్ చూద్దామని ఫోన్ తీసి వాట్సాప్‌లో తేలడం తప్పించడమే దీని అసలు ఉపయోగం. ఫోన్ పక్కనే పెట్టుకుని ఇది తిప్పితే డబ్బు దండగ.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమోడోరో పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి మొదలుపెట్టింది టమాటా ఆకారంలో ఉన్న ఇలాంటి టైమర్‌తోనే. నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాలు ఆగాలి. అయితే 25 అనేది శిలాశాసనం కాదు. పెద్ద లెక్క సగంలో ఉండగా బెల్లు మోగితే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి లెక్కలకు 45 పెట్టుకోండి. పుస్తకం తెరవడానికే బద్ధకమైతే 10 చాలు. మధ్యలో గుర్తొచ్చే కరెంటు బిల్లు లాంటివి పక్కనున్న కాగితం మీద రాసి వదిలేయాలి. విరామంలో రీల్స్ వద్దు. ఐదు నిమిషాలతో ఆగవు, అప్పటిదాకా చదివింది కూడా చెదిరిపోతుంది.

తిప్పడంలోనే చాలామంది తప్పు చేస్తారు. డయల్‌ని నేరుగా 10 దగ్గర ఆపేస్తే స్ప్రింగు సరిగా బిగుసుకోదు, బెల్లు నీరసంగా మోగుతుంది లేదా అసలు మోగదు. ముందు 55 దాటేదాకా తిప్పి, అప్పుడు కావలసిన అంకెకు వెనక్కి తేవాలి. వెనక్కి బలవంతంగా తిప్పొద్దని కొన్ని మోడళ్ల పెట్టె మీద రాసి ఉంటుంది, అది చూసుకోండి.

పెద్ద లోపం టిక్ టిక్ శబ్దం. బోలు ప్లైవుడ్ బల్ల మీద అది రెట్టింపవుతుంది. వెనకున్న అయస్కాంతంతో ఇనుప బీరువాకి అంటిస్తే బీరువా మొత్తం డప్పే. కింద నాలుగు మడతల తువ్వాలు వేస్తే చాలావరకు తగ్గుతుంది. హాస్టల్ గదికీ రీడింగ్ రూమ్‌కీ మాత్రం ఇది పనికిరాదు. అక్కడ శబ్దం బదులు లైటు వెలిగే డిజిటల్ టైమర్ మేలు.

గంటకు ఒకటి రెండు నిమిషాల తేడా మామూలే, చదువుకి అది లెక్కలోకి రాదు. ఈఏపీసెట్ మాక్ టెస్టుకి దీన్ని నమ్ముకోకండి: 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, డయల్ ఏమో 60తో ఆఖరు. గోడ గడియారమే నయం.

దుకాణంలోనే 60 దాకా తిప్పి, సున్నాకి వచ్చేదాకా వినండి. కింద పడిన పీసుల్లో పళ్లచక్రం ఒకచోట పట్టేసి, బెల్లు లేకుండా మధ్యలోనే ఆగిపోతుంది. బాగు చేయించే ఖర్చుకి కొత్తదే వస్తుంది.